నలభై ఒకటి ఫొటో పక్కన నలభై రెండు వివరాలు

మా ఆఫీసులో కొత్తగా చేరిన ప్రతి పిల్లవాడూ మొదటి వారంలో నన్ను ఒక మాట అడిగేవాడు. "సార్, ఇన్నేళ్లు ఈ పనిలో ఉన్నారు కదా, మాకేమన్నా చెప్పండి." నేను గొంతు సవరించుకునేలోపు ఫోన్ తీసి చూసుకునేవాడు. అందుకని ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఇప్పుడు రిటైరయ్యాను, కావలసినంత తీరిక ఉంది. మీరు మధ్యలో ఫోన్ చూసుకున్నా నాకు కనపడదు. కాబట్టి చెబుతాను.

నా పేరు మద్దిలేటి. మాది పత్తికొండ దగ్గర ఒక పల్లె. తెలుగు టైపు హయ్యర్ పాసై కర్నూలుకొచ్చి, కోర్టు దగ్గర దరఖాస్తులు టైపు కొట్టి, పెళ్లి కార్డులు కంపోజ్ చేసి, చివరికి వెబ్‌సైట్ల పనిలో తేలాను. ప్రమోషన్ల గురించి రాయను. మా కంపెనీలో హోదాలు రెండే: ఒకటి సావుకారి, రెండు మిగతా అందరం.

నా కార్డు మీద "వెబ్ డిజైనర్" అని ఉండేది. మా అమ్మ మాత్రం ఊళ్లో "మావాడు కంప్యూటర్లో బోర్డులు రాస్తాడు" అని చెప్పేది. అప్పట్లో నాకు నామోషీగా ఉండేది కానీ ఆలోచిస్తే మా అమ్మ మాటే సరైనది. బోర్డు రాసేవాడికి ఒకటే ధర్మం. దారిన పోయే ఎవరు తలెత్తి చూసినా ఒకే అక్షరాలు కనపడాలి. ఇంత చిన్న సంగతి నాకు తలకెక్కడానికి చాలా ఏళ్లు పట్టింది. ఆ లోపల నా చేతి పని వల్ల ఒక ఆడపిల్ల పెళ్లిచూపులు పాడయ్యాయి. ఆ అమ్మాయి మా సావుకారి కూతురే.

సావుకారి

శెట్టిగారికి వన్ టౌన్లో బట్టల అంగడి ఉండేది. మేడ మీద టైపు ఇన్‌స్టిట్యూటు. టైపు మిషన్లకు రోజులు చెల్లాయని అందరికంటే ముందు కనిపెట్టి, వాటిని తూకానికి వేసి కంప్యూటర్లు కొన్నారు. మేమంతా ఆయన్ని సావుకారీ అనే పిలిచేవాళ్లం. మంచి మనిషి, జీతం ఒక్క రోజు ఆలస్యం చేసి ఎరుగడు. కానీ ఆయన దృష్టిలో వెబ్‌సైట్ అంటే దీపావళి నాటి బట్టలంగడి.

"ఏమప్పా మద్దిలేటీ, పేజీ సచ్చినట్ల పడుండాది. ఏమన్నా కదలనీ" అనేవారు. అక్షరాలు కుడి నుంచి ఎడమకు పరిగెత్తాలి. దీపాలు మిణుకు మిణుకుమనాలి. ఎంతమంది చూశారో చెప్పే లెక్క ఒకటి కింద తిరుగుతుండాలి. ఆ లెక్క ఒకటి నుంచి మొదలవుతుందంటే ఒప్పుకోలేదు. "ఒకటి అని ఉంటే ఎవురొస్తారప్పా? ఖాళీ హోటల్లోకి ఎవురన్నా పోతారా? అయిదువేల నుంచి మొదలుపెట్టు" అన్నారు. అయిదువేల నుంచే పెట్టాను.

సైటు తయారయ్యాక ఆయన దాన్ని కంప్యూటర్లో చూసేవారు కాదు. కాగితం మీద ప్రింటు తీసిస్తే కళ్లద్దాలు పెట్టుకుని చదివి, కింద సంతకం పెట్టేవారు. ఒకసారి ప్రింటులో దీపాలు మిణుకుమనడం లేదని కోప్పడ్డారు కూడా.

నీలం బొమ్మ, నక్క బొమ్మ

ఇప్పటి పిల్లలకు తెలియదు కాబట్టి చెబుతున్నాను. రెండువేల సంవత్సరం తర్వాత చాలా కాలం దాకా మాకు ఇంటర్నెట్ అంటే కంప్యూటర్ తెర మీద ఉండే ఒక నీలం రంగు బొమ్మ. దాన్ని రెండుసార్లు నొక్కితే లోకం తెరుచుకునేది. అది ఇంటర్నెట్ కాదని, ఇంటర్నెట్‌ను చూపించే కిటికీ మాత్రమేనని, అలాంటి కిటికీలు ఇంకా ఉంటాయని మాలో చాలామందికి తెలియదు. తర్వాత నక్క బొమ్మతో ఇంకొకటి వచ్చింది. మా ఆఫీసులో దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

పేజీ ఎలా రాయాలో అందరికీ కలిపి రాసిపెట్టిన పద్ధతి ఒకటి అప్పటికే ఉంది. ఎవరి సొత్తూ కాదు, ఎవరైనా చదువుకోవచ్చు. ఆ పద్ధతి ప్రకారం రాస్తే ఏ కిటికీలోంచి చూసినా పేజీ ఒకేలా ఉండాలి. నీలం బొమ్మ మాత్రం దాన్ని తనకు తోచినట్టు పాటించేది. మనం తప్పు రాసినా అర్థం చేసుకుని సర్దేసేది. మాకది ఎంతో మర్యాదగా అనిపించేది. అల్లుడు ఏం చేసినా మెచ్చుకునే అత్తగారి ముందు వంట చేసినట్టు, మా పనంతా దాని ముందే సాగింది.

ప్రతి సైటు అడుగునా చిన్న అక్షరాలతో ఒక వాక్యం పెట్టేవాణ్ని: "ఈ సైటును ఫలానా బ్రౌజరులోనే చూడగలరు." అదేదో గొప్ప సాంకేతిక సూచన అనుకునేవాణ్ని. ఇప్పుడు తలచుకుంటే, అంగడి గుమ్మానికి "ఎర్రచొక్కా వేసుకొచ్చిన వారికి మాత్రమే సరుకు ఇవ్వబడును" అని రాయడంతో సమానం.

బండల సైటు

నా మొదటి ఎదురుదెబ్బ కడప బండల మీద తగిలింది. యర్రగుంట్ల వైపు నుంచి ఒక రెడ్డిగారు వచ్చారు. నాపరాళ్లు కోసి నునుపు పట్టి అమ్ముతారు. సైటు తెలుగులోనే ఉండాలని పట్టుబట్టారు. ఆ రోజుల్లో తెలుగు అక్షరాలకు ఒక్కో డిటిపి అంగడిది ఒక్కో ఫాంటు. మా ఫాంటు మా కంప్యూటర్లో ఉంటేనే తెలుగు, లేకపోతే పిచ్చిగీతలు. పేజీతోపాటు ఫాంటు కూడా వెళ్లేట్టు చేసే ఉపాయం ఒకటి ఉండేది. అది నీలం బొమ్మలోనే పనిచేసేది. నాకు అది చాలనిపించింది.

నెల తిరక్కుండా రెడ్డిగారు మా మెట్లెక్కి వచ్చారు. "ఏందప్పా ఇది? బెంగళూరులో మా బేరగాడు ఫోన్ జేసి, రెడ్డీ, మీ బండల మీద చేతబడి మంత్రాలు రాసినారా అని అడుగుతాండాడు" అన్నారు.

నేను సిగ్గుపడి పద్ధతి నేర్చుకోవాల్సింది. తెలుగుకు అందరికీ పనికొచ్చే ఒకే సంకేత పద్ధతి అప్పటికే వచ్చి ఉంది. దాని పేరు యూనికోడ్. అది నేర్చుకోవడానికి బద్ధకించి, తెలివి చూపించాను. తెలుగు రాతలన్నీ ఫొటోలుగా మార్చి పేజీలో అతికించాను. ఎక్కడ చూసినా తెలుగే! రెడ్డిగారు సంతోషించి బుట్టెడు బత్తాయిలు పంపారు.

తర్వాత ఆయన ఫోన్ నంబరు మారింది. పాత నంబరు ఇరవై ఫొటోల్లో ఉంది. అసలు ఫైళ్లున్న కంప్యూటరేమో చెడిపోయి ఉంది. వారం పట్టింది. ఆ వారం రోజులూ రెడ్డిగారు మా ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నారు. చివరి రోజున లేస్తూ, "బండ మీద చెక్కింది గూడా ఇంతకంటే బిర్నా మార్చొచ్చప్పా" అన్నారు. ఆ మాటకు నేను నవ్వాను. బుద్ధి మాత్రం రాలేదు.

ఎర్ర గీత

శెట్టిగారి కులంవాళ్లకు ఒక పరిచయ వేదిక ఉండేది. అంటే సంబంధాలు కుదిర్చే ఆఫీసు. అక్కడొక లావుపాటి పుస్తకం. ఎడమ పక్క అమ్మాయి ఫొటో జిగురుతో అతికించి, కుడి పక్క వివరాలు రాసేవాళ్లు. పేరు రాయరు. ఆడపిల్లల పేర్లు నలుగురి చేతుల్లో పడకూడదని పెద్దల కట్టుబాటు. నంబరు, గోత్రం, చదువు, ఎత్తు, తండ్రి వ్యాపారం, అంతే. ఆ పుస్తకం రాసే గుమాస్తా ఒక్కొక్కరి వివరాలు అయిపోగానే స్కేలు పెట్టి అడ్డంగా ఎర్ర గీత గీసేవాడు. తర్వాతి అమ్మాయి ఆ గీత కిందే మొదలవ్వాలి.

శెట్టిగారు ఆ పుస్తకాన్ని సైటుగా మార్చమన్నారు. తన కూతురు సుధ వివరాలు కూడా అందులో పెట్టించారు. సుధ బి.కాం. అయిపోయి ఇంట్లో ఉండేది. చిన్నప్పటి నుంచీ అంగడికొచ్చి నా పక్కన కూర్చుని కంప్యూటర్లో బొమ్మలు గీసిన పిల్ల. నోరు కాస్త పదును. "మద్దిలేటన్నా, నాకు నంబరు ఏమిచ్చినావు? జైల్లో ఖైదీ మాదిరి" అని అడిగింది. నలభై రెండు అని చెప్పాను.

సైటు చక్కగా వచ్చింది. తెలుగు గొడవ లేకుండా వివరాలన్నీ ఇంగ్లీషులోనే పెట్టాను. ఎడమ పక్క ఫొటో, కుడి పక్క రాతలు. ఎర్ర గీత మాత్రం పాతకాలం వాలకంగా ఉందని తీసేశాను. గీత లేకపోయినా నీలం బొమ్మలో ఎవరి కిందకు వాళ్లు బుద్ధిగా సర్దుకుని కూర్చున్నారు. శెట్టిగారు ప్రింటు చూసి సంతకం పెట్టారు.

ఇంకో సంగతి. డబ్బున్నవాళ్ల వివరాలు పొడుగ్గా ఉండేవి. రైసుమిల్లు, రెండిళ్లు, మేనమామ డాక్టరు, పెదనాన్న కాంట్రాక్టరు. లేనివాళ్లవి రెండు మూడు వరసల్లో అయిపోయేవి. సుధ పైన నలభై ఒకటో నంబరు అమ్మాయివి మూడే వరసలు. ఈ తేడా పేజీకి ముప్పు తెస్తుందని నాకు తట్టలేదు.

ఒక ఫోన్

కొన్ని నెలల తర్వాత ఒక అమ్మాయి ఫోన్ చేసింది. "సార్, నా పేరు రాజేశ్వరి. మాది ఆలూరు. మీ సైట్లో నా నంబరు నలభై ఒకటి. ఆదోనిలో నెట్ సెంటర్‌కు వచ్చి చూస్తాండా. నా ఫొటో పక్కన వేరేవాళ్ల వివరాలు వస్తాండాయి సార్."

"ఏ బొమ్మ నొక్కినావమ్మా?"

"నక్క బొమ్మ సార్. ఈడ అదొక్కటే ఉండాది. నీలం దాంట్లో వైరస్‌లు వస్తాండాయని సెంటర్ ఆయన తీసేసినాడు."

నేను ఒక నవ్వు నవ్వాను. ఆ నవ్వు నాకు ఇంకా వినిపిస్తుంది. "మా సైటు నీలం బొమ్మలోనే చూడల్లమ్మా. పేజీ అడుగున రాసుండాది, చదవలేదా?"

"చదివినా సార్. నేను చదివితే సరిపోతాదా? చూసేవాళ్లు అందరూ చదవల్ల గదా. నా ఫొటో పక్కన వేరేవాళ్ల చదువు, వేరేవాళ్ల ఆస్తి ఉంటే, ఈ పిల్ల అబద్ధాలు రాసుకునింది అనుకుంటారు సార్."

ఇంత స్పష్టంగా తప్పు చెప్పినవాళ్లను నా ఉద్యోగంలో నేను తర్వాత కూడా చూడలేదు. చూస్తానులే అమ్మా అని పెట్టేశాను. మాట వరసకు సావుకారికి చెప్పాను. సరిచేయాలంటే పేజీ మొత్తం తిరగరాయాలి, రెండు రోజులు పడుతుందన్నాను.

ఆయన ప్రింటు తిరగేస్తూ, "ఆ నక్కను పట్టుకొని ఎంతమంది తిరుగుతాండారప్పా? ఒకరో ఇద్దరో. వాళ్ల కోసరం రెండు దినాలు పని ఆపుతావా?" అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. తప్పు మీద పైవాడి సంతకం పడితే అది తప్పు కాదని ఆ వయసులో నేను గట్టిగా నమ్మేవాణ్ని. మీలో కూడా చాలామంది నమ్ముతున్నారు, చూస్తున్నాను.

పెళ్లిచూపులు

ప్రొద్దుటూరు నుంచి సంబంధం వచ్చింది. బంగారం వ్యాపారం చేసే కుటుంబం, అబ్బాయి కిరణ్ బెంగళూరులో సాఫ్ట్‌వేర్. నలభై రెండో నంబరు చూసి ఫోన్ చేశారు. శెట్టిగారి ఆనందానికి హద్దు లేదు. "మన సైటు తెచ్చిన మొదటి సంబంధం, అదీ మన ఇంటికే. నువ్వు లేకపోతే ఎట్లప్పా" అని నన్నూ రమ్మన్నారు.

ఆదివారం పొద్దున జీపు నిండా దిగారు. అబ్బాయి, తల్లి, తండ్రి, ఒక మేనమామ. మేనమామ అన్ని పెళ్లిచూపుల్లోనూ ఉండే రకం, ముందు సోఫా నొక్కి చూసి తర్వాత కూర్చున్నాడు. బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ వచ్చాయి. నేను ఒక మూల ప్లేటు పట్టుకుని కూర్చున్నాను.

సుధ వచ్చింది. ముదురాకుపచ్చ పట్టుచీర, తలలో కనకాంబరాలు. నమస్కారం పెట్టి చాప మీద కూర్చుంది. అబ్బాయి తల్లి సుధను చూసింది. సంచిలోంచి మడత పెట్టిన కాగితం ఒకటి తీసింది, దాన్ని చూసింది. మళ్లీ సుధను చూసింది. కాగితం భర్తకిచ్చింది. ఆయనా అట్లే చూసి మేనమామకిచ్చాడు. మేనమామ కాగితాన్ని వెలుతురుకు పట్టి చూశాడు.

"పిల్ల యాడుండాది?" అన్నాడు.

"ఇదేనప్పా పిల్ల, కూచోనుండాది గదా" అన్నారు శెట్టిగారు.

అబ్బాయి తల్లి తల అడ్డంగా ఆడించింది. "ఈ పిల్ల కాదు."

గదిలో బజ్జీ కొరికే చప్పుడు కూడా ఆగిపోయింది. మేనమామ లేచి నిలబడ్డాడు. "మాకు ఇట్లాంటివి శానా తెలుసు సావుకారీ. ఒకరిని ఫొటోలో చూపిచ్చి ఇంకొకరిని కూచోబెట్టేది. ఇంత దూరం మోసపోయేదానికి వచ్చినామా?"

శెట్టిగారి మొహం కందగడ్డయింది. నలభై ఏళ్లు గజం బట్టలో అంగుళం తక్కువ కొలవని మనిషి. "మోసమా? నా ఇంట్లోనా?" అని అరిచి, వాళ్లందరినీ పక్క గదిలో కంప్యూటర్ ముందుకు లాక్కెళ్లారు. నీలం బొమ్మ నొక్కాను. నలభై రెండు దగ్గర సుధ ఫొటో, సుధ వివరాలు, చక్కగా కుదిరి ఉన్నాయి. "చూడండి!" అన్నారు శెట్టిగారు. "మీరు చూడండి!" అని మేనమామ కాగితం చూపించాడు. అందులో నలభై రెండు వివరాల పక్కన ఇంకో అమ్మాయి ఉంది. అది కూడా మా సైటే, పైన మా వేదిక పేరు ఉంది.

అబ్బాయి ఒక్కడే కంగారు పడలేదు. పెళ్లిచూపులకు కూడా ల్యాప్‌టాప్ తెచ్చుకున్న మనిషి. ఇంటి కంప్యూటర్ నుంచి తీగ పీకి దానికి తగిలించుకుని, నక్క బొమ్మతో అదే పేజీ తెరిచాడు. రెండు తెరలు పక్కపక్కన పెట్టారు. రెండు కుటుంబాలూ చీరలు పోల్చి చూసినట్టు ఇటు అటు తలలు తిప్పి చూశాయి.

అప్పుడు నాకూ కనపడింది. నలభై ఒకటో అమ్మాయి మూడు వరసలు ఫొటో సగానికే అయిపోయాయి. ఫొటో పక్కన ఖాళీ మిగిలింది. కింద ఆపే ఎర్ర గీత లేదు కదా, సుధ వివరాలు పైకెగబాకి ఆ ఖాళీలో, రాజేశ్వరి ఫొటో పక్కన కూర్చున్నాయి. సుధ ఫొటో జారి నలభై మూడు పక్కకు పోయింది. ఆ నలభై మూడో అమ్మాయి తండ్రికి వడ్డీ వ్యాపారం, రెండు రైసుమిల్లులు. రాతలు అంత పొడుగు కాబట్టి వరస అక్కడ మళ్లీ సర్దుకుంది.

"ఈ సైటు ఎవరు చేసినారు?" అన్నాడు కిరణ్.

అందరూ నా వైపు తిరిగారు. నా నోట్లో ఉగ్గాని ఉంది. మింగుదామంటే దిగలేదు.

అతను కోప్పడలేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. "సార్, ఫొటోను ఎడమకు జరిపి వదిలేసినారు. తర్వాతిది దాని కింద మొదలవ్వాలని చెప్పలేదు. పద్ధతి ప్రకారం నక్క చూపించిందే కరెక్టు. మీ తప్పును నీలం బొమ్మ మీకు చెప్పకుండా సర్దింది" అన్నాడు.

శెట్టిగారు నన్ను అడిగారు, "అంటే ఆ ఆలూరి పిల్ల ఫోన్ జేసి చెప్పింది ఇదేనా?"

"అవును సావుకారీ."

"రెండు దినాల పని అంటివే, అదేనా?"

"అదే సావుకారీ."

ఆయన కుర్చీలో కూర్చుండిపోయారు. అప్పుడు అబ్బాయి తల్లి, ఆమెకు చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు, మామూలుగా అడిగేసింది. "అయితే ఈ ఫొటోలో పిల్ల ఎవరు?"

సుధ ఆ గది గుమ్మంలో నిలబడి ఉంది. మేమెవరమూ చూసుకోలేదు. ఆ మాట విని లోపలికి వెళ్లిపోయింది.

శెట్టిగారి మీద ఇంతసేపు నవ్వాను కదా, ఈ ఒక్కటీ చెప్పకపోతే నా నోరు పడిపోతుంది. ఆయన లేచి, బీరువాలోంచి వేదిక చిరునామాల పుస్తకం తీసి, ఆలూరు చిరునామా తన చేత్తో ఒక కాగితం మీద రాసి వాళ్లకిచ్చారు. "మమ్మల్ని నమ్మి వచ్చినారు. తప్పు మాది. మంచి కుటుంబం, పోయి చూడండి" అన్నారు.

రెండు రోజుల పని

సోమవారం పొద్దున నేను రాజేశ్వరికి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. ఆమె నన్ను తిట్టలేదు. "ఇప్పుడన్నా సరిజేస్తారా సార్?" అని మాత్రం అడిగింది.

పేజీలో తప్పులు పట్టి చూపే ఉచిత పరీక్ష ఒకటి నెట్‌లో ఉంటుంది. మన పేజీ చిరునామా ఇస్తే తప్పుల చిట్టా ఇస్తుంది. మొదటిసారి మా సైటును దానికి ఇచ్చాను. వచ్చిన చిట్టాను శెట్టిగారు అలవాటు కొద్దీ ప్రింటు తీయమన్నారు. మిషన్లో కాగితాలు అయిపోయాయి. చిట్టా అవ్వలేదు.

కూర్చుని అంతా తిరగరాశాను. పరిగెత్తే అక్షరాలు తీసేశాను, దీపాలు ఆర్పేశాను, ఎర్ర గీత తిరిగి పెట్టాను. సరిగ్గా రెండు రోజులు పట్టింది. అప్పట్లో మిగుల్చుకుందామనుకున్నది ఆ రెండు రోజులే. మూడో రోజు రాజేశ్వరి ఆదోని బస్సెక్కి పోయి నక్క బొమ్మలో చూసి ఫోన్ చేసింది. "సార్, నా పక్కన నా మూడు వరసలే ఉండాయి." ఆ గొంతులో సంతోషం నాకు ఫోన్లోనే తెలిసింది.

పేజీ అడుగున ఉన్న "ఈ బ్రౌజరులోనే చూడగలరు" అన్న వాక్యాన్ని తీసేసింది నేను కాదు. ఆ వారం సుధ ఆఫీసుకొచ్చి, "లెయ్ అన్నా, కొంచెం సేపు" అని నన్ను లేపి, తనే చెరిపేసింది. మరుసటి రోజూ వచ్చింది. తర్వాత రోజూ వచ్చింది. ఏ సైటు బయటికి పోవాలన్నా దొరికిన అన్ని కిటికీల్లోనూ, పాత కంప్యూటర్లోనూ తెరిచి, తను ఎత్తి చూపిన తప్పులన్నీ సరిచేయించాకే వదిలేది. ప్రింటు మీద సంతకం ఆచారం దాంతో పోయింది. శెట్టిగారు కొన్నాళ్లు దిగులుగా పెన్ను చేతిలో పట్టుకుని తిరిగారు.

ప్రొద్దుటూరు వాళ్లు ఆలూరు వెళ్లారు. సంబంధం కుదిరింది. పెళ్లికి నేనూ శెట్టిగారూ వెళ్లాం. మేనమామ నన్ను గుర్తుపట్టి, పక్కన కూర్చోబెట్టుకుని, "మావాని పెళ్లి నీ తప్పు వల్లనే అయ్యిందప్పా" అని నా ఆకులో రెండో బొబ్బట్టు వేయించాడు. అది తిన్నాను. ఆ రోజు నుంచి ఈ కథను అందరికీ నవ్విస్తూ చెప్పడం మొదలుపెట్టాను. తప్పు చేసినా లోకానికి మేలే జరిగిందన్నట్టు చెప్పేవాణ్ని. అబ్బాయికి అమ్మాయి దొరికింది, రాజేశ్వరికి పెళ్లయ్యింది, సైటు బాగుపడింది. లెక్కలో ఎవరో మిగిలిపోతున్నారని నాకు అనిపించలేదు.

శాలువా

శెట్టిగారు పోయాక కంపెనీ సుధ చేతికొచ్చింది. వన్ టౌన్ మేడ మీద నుంచి కల్లూరులో కొత్త బిల్డింగుకు మార్చింది. మధ్యలో తనకు నచ్చినవాణ్ని పెళ్లి చేసుకుంది, మా సైటు సాయం లేకుండానే. నీలం బొమ్మ కాలం కూడా చెల్లింది. ఇప్పుడు ఇంకో బొమ్మ రాజ్యం. మీరంతా దాంట్లో ఒక్కదాంట్లో తెరిచి చూసి, "వస్తాండాది సార్" అంటారు. బొమ్మ మారింది కానీ బుద్ధి మారలేదు. నా రోజుల్లో నేనూ అదే అన్నాను కాబట్టి నాకు మిమ్మల్ని తిట్టే అర్హత లేదు. అయినా తిడతాను.

నా రిటైర్మెంట్ రోజు సుధ నాకు శాలువా కప్పి, మైకు తీసుకుని పెళ్లిచూపుల కథ చెప్పింది. మేనమామ సోఫా నొక్కడం, ల్యాప్‌టాప్ తీగ, నా నోట్లో ఉగ్గాని, అన్నీ అభినయించి చూపింది. పిల్లలు కడుపులు పట్టుకుని నవ్వారు. నేనూ నవ్వాను. ఇక నా లెక్కలో బాకీ ఏదీ లేదనిపించింది.

ఆటో ఎక్కించడానికి తను రోడ్డు దాకా వచ్చింది. నేనన్నాను, "నువ్వే నవ్వుతా చెప్తివి గదమ్మా, సాలు. ఎప్పుడో మర్చిపోయినావని తెల్దు నాకు."

సుధ రోడ్డు వైపు చూస్తూ అంది, "సైటు తప్పు ఎప్పుడో సరిజేసినావన్నా. దాని గురించి నాకేం లేదు. పట్టుచీర కట్టుకొని కూచోనుంటే, నా మొహం జూసి 'ఈ పిల్ల కాదు' అన్యారే, అది మాత్రం యాడ తెరిచినా ఒకే మాదిరి కనపడతాది."

ఆ పెళ్లిచూపుల తర్వాత నేను పేజీని బాగుచేశాను. రాజేశ్వరికి ఫోన్ చేశాను. సావుకారి కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. లోపలికి వెళ్లిపోయిన పిల్ల దగ్గరికి మాత్రం పోలేదు. ఆ వారం నుంచి తను పక్క కుర్చీలోనే ఏళ్ల తరబడి కూర్చుంటే, రోజూ తప్పులు చూపిస్తుంటే, ఆ ఒక్కటీ నా చిట్టాలోకి రాలేదు.

"తప్పయిందమ్మా" అన్నాను. ఇంకోసారి అన్నాను.

సుధ నా భుజం మీంచి జారుతున్న శాలువాను సర్దింది. "శానా లేటుగా తెరుచుకునిందన్నా నీ పేజీ" అని, చెయ్యెత్తి ఆటోను ఆపింది.